అమెరికాలో నల్లజాతి కాలేజీలు ఇంకా ఎందుకు?

తెల్లవాళ్ల కాలేజీలు నల్లవాళ్లను చేర్చుకోని రోజుల్లో వాళ్ల కోసం పెట్టినవి ఈ కాలేజీలు. ఇప్పుడు వాళ్లు ఏ యూనివర్సిటీలోనైనా చేరొచ్చు కదా, వీటితో ఇంకా పనేంటని చాలామంది అడుగుతారు. ముందు ఇవి ఎలా నిలబడ్డాయో చూడాలి. నాష్‌విల్‌లోని ఫిస్క్ అనే నల్లజాతి కాలేజీ 1866లో మొదలైంది. అయిదేళ్లకే చేతిలో డబ్బుల్లేక మూతపడే స్థితి. 1871లో తొమ్మిదిమంది విద్యార్థులు ఊరూరా తిరిగి, బానిసత్వంలో తమవాళ్లు పాడుకున్న పాటలు పాడి విరాళాలు తెచ్చారు. వాళ్లలో ఎక్కువమంది బానిసలుగా పుట్టినవాళ్లే! ఆ బృందం సంపాదనతో కట్టిన జూబిలీ హాల్ ఇప్పటికీ ఉంది.

మరో నల్లజాతి యూనివర్సిటీ హోవార్డ్‌లోని లా స్కూల్‌ది ఇంకా పెద్ద కథ. చార్లెస్ హ్యామిల్టన్ హ్యూస్టన్ అక్కడ హక్కుల కోసం పోరాడే లాయర్లను తయారుచేశారు. ఆయన శిష్యుడు థర్‌గుడ్ మార్షల్ బ్రౌన్ కేసు వాదించి, నల్ల, తెల్ల పిల్లలకు వేరువేరు ప్రభుత్వ బడులు చెల్లవని 1954లో సుప్రీంకోర్టు చేత చెప్పించారు. 1960లో గ్రీన్స్‌బరోలో, తెల్లవాళ్లకే వడ్డించే భోజనం కౌంటర్ దగ్గర నిరసనగా కూర్చుని కదలని నలుగురూ ఇలాంటి కాలేజీ కుర్రాళ్లే.

ఇప్పుడు వీటిలో ఏ జాతివాళ్లైనా చేరొచ్చు. అయినా నల్ల విద్యార్థికి, క్లాసులో నల్లవాణ్ణి నేనొక్కణ్ణే అన్న టెన్షన్ లేకుండా చదువుకోవడం చిన్న విషయం కాదు. ప్రభుత్వాలు ఇచ్చే డబ్బు దగ్గర మాత్రం అన్యాయం సాగుతూనే వచ్చింది. మేరీలాండ్ రాష్ట్రం తన నాలుగు నల్లజాతి కాలేజీలకు 57.7 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది 2021లో, అదీ పదిహేనేళ్లు కోర్టులో కొట్లాడాక.