సందేహాలు – సమాధానాలు: గూట్లో ఎవరి స్వభావం వారిదేనా?

ప్రశ్న: మా వసారా చూరు కింద కందిరీగలు బూడిదరంగు కాగితంలాంటి గూడు కట్టాయి. రెండు నెలలుగా గమనిస్తున్నాను. కొన్ని కదలకుండా కూర్చుంటాయి, కొన్ని పక్కవాటి మీద పడి కరుస్తాయి, కొన్ని పొద్దస్తమానం బయట తిరుగుతాయి. రోజూ అవే అలా ఉంటాయా, లేక వంతులు వేసుకుంటాయా? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు కదా, పురుగులకూ అంతేనా?
– ఒక గృహిణి, కర్నూలు

జవాబు: వంతులు వేసుకోవు. నేడు కూర్చున్నది చాలావరకు రేపూ కూర్చునే ఉంటుంది, నేడు కరిచింది రేపూ కరుస్తుంది. మామూలు కంటికి అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి కనుక, ఈ సంగతి తేల్చడానికి బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గదగ్కర్, ఎన్.వి. జోషి ఒక్కొక్క కందిరీగకు రంగు చుక్కలు పెట్టి, అది ఎంతసేపు ఒళ్లు శుభ్రం చేసుకుంటూ కూర్చుంది, ఎంతసేపు మీసాలు నిక్కించి కాపు కాసింది, ఎంతసేపు గదుల్లో తల దూర్చింది, ఎంతసేపు గూట్లోనే లేదు అని ఓపికగా లెక్క కట్టారు. 1983లో వారు ప్రచురించిన ఫలితాల ప్రకారం ఆ గూటి ఆడ కందిరీగలు మూడు తెగలుగా విడిపోయాయి: కూర్చునేవి, కయ్యానికి దిగేవి, మేతకు పోయేవి. మీరు పెట్టిన మూడు పేర్లూ అవే. వారు చూసిన జాతి రోపాలిడియా మార్జినేటా. దక్షిణ భారతంలో ఇది సాధారణంగా కనిపించేదే, మీ చూరు కిందిది కూడా అదో, దాని దగ్గరి చుట్టమో అయి ఉండవచ్చు. (భ్రమరకీటక న్యాయంలో మనం చెప్పుకునే, తలుపు చెక్కకు మట్టిగూడు కట్టే కందిరీగ వేరు. అది ఒంటరి జీవి, దానికి ఈ తగాదాలు లేవు.)

కరిచేదే రాణి అయి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. ఈ జాతిలో రాణి కూర్చునే తెగకు చెందింది. గుడ్లు పెట్టడం, పొట్ట కొసను గూటికి రాస్తూ తన ఉనికిని తెలిపే రసాయనాన్ని పూయడం మినహా అది ఎవరి జోలికీ పోదు. అదే ప్రజాతికి చెందిన రోపాలిడియా సయాథిఫార్మిస్‌లో మాత్రం కయ్యాలమారే రాణి. పెత్తనం ఒక్కటే, దానిని నడిపే స్వభావాలు రెండు చోట్లా రెండు రకాలన్న మాట.

మరి మీ గూట్లో పని ఎవరు చేయిస్తున్నట్టు? కాట్లు ఎక్కువగా మేతకు పోయే వాటి మీదే పడుతుంటాయి. గూట్లో మేత తగ్గితే ఈ దాడులు పెరుగుతాయి, మనమే తిండి అందిస్తే తగ్గుతాయి. అంటే కరవడం పగతో చేసే పని కాదు, పిల్లల ఆకలిని మేత తెచ్చేవాటికి చేరవేసే కబురు. రాణి నోరు మెదపకుండానే సంసారం సాగిపోవడానికి కారణం ఇదే.

ఇక మీ సామెత. రాణిని గూటి నుంచి తీసివేస్తే అరగంటలోపే కూలి కందిరీగల్లో ఒకటి, అంతవరకు ప్రత్యేకంగా కనిపించనిది, పూనకం వచ్చినట్టు అందరి మీదా విరుచుకుపడుతుంది. వారం గడిచేసరికి గుడ్లు పెట్టడం మొదలుపెట్టి, మెల్లగా చల్లబడి, పాత రాణిలాగే సాధువై కూర్చుంటుంది. వారసురాలు ఎవరో పరిశోధకులు ముందుగా చెప్పలేకపోయారు, ఎందుకంటే అది అన్నిటికన్నా పెద్దదో, కయ్యానికి ముందుండేదో కానక్కరలేదు. అయితే 2008లో అనిందితా భద్ర, గదగ్కర్ గూటిని రెండు ముక్కలుగా కోసి, మధ్య వలతెర పెట్టి, రాణిని ఒక సగం నుంచి మరో సగానికి మార్చి చూసినప్పుడు, అసలు వారసురాలిని తోటి కందిరీగలు ఏ పేచీ లేకుండా ఒప్పుకున్నాయి. మన కంటికి అందని ఆ వరుస వాటికి ముందే తెలుసన్న మాట. ఈ కారణంగానే పురుగుల విషయంలో నేను ‘వ్యక్తిత్వం’ అనే మాటకన్నా ‘స్వభావం’ అనే మాటనే ఇష్టపడతాను, ఎందుకంటే ఇక్కడ బుద్ధి సగం పుట్టుకది అయితే సగం కూర్చున్న చోటిది. గూడు చేతికందే ఎత్తులో లేకపోతే దయచేసి కిరోసిన్ చల్లకండి.

ప్రశ్న: నాకు కొన్ని తేనెటీగల పెట్టెలున్నాయి. ఈగలన్నీ ఒకే రకంగా చురుకైనవైతే తేనె ఎక్కువ రాదా?
– ఒక పెంపకందారు, అరకు లోయ

జవాబు: రాదు, పైగా నష్టం. రాణి ఈగ ఒక్క పోతుతో కాక పది, పదిహేను, అంతకన్నా ఎక్కువ పోతులతో జతకడుతుంది కనుక ఒకే పట్టులో అనేక తండ్రుల కూతుళ్లు ఉంటాయి. పిల్లలున్న గదుల దగ్గర వేడి 32 నుంచి 36 డిగ్రీల మధ్య నిలవాలి. ఎండ ముదిరినప్పుడు ఒక తండ్రి కూతుళ్లు ముందే రెక్కలతో విసరడం మొదలుపెడతాయి, మరో తండ్రివి ఇంకాస్త ఉక్కపోశాక గాని కదలవు. అన్నీ ఒకే వేడికి ఒక్కసారిగా లేస్తే పట్టు అతిగా చల్లబడుతుంది, అన్నీ ఒక్కసారిగా ఆపితే మళ్లీ వేడెక్కుతుంది. 2004లో ఆస్ట్రేలియా పరిశోధకులు రెండు రకాల పట్టులనూ పోల్చి, తండ్రులు ఎక్కువున్న వాటిలోనే వేడి నిలకడగా ఉంటుందని చూపారు. 2007లో అమెరికాలో హెదర్ మటీలా, థామస్ సీలీ కొన్ని రాణులకు ఒక్కొక్క పోతు వీర్యాన్ని, మరికొన్నిటికి పదిహేను పోతుల వీర్యాన్ని ఎక్కించి చూడగా, రెండో రకం పట్టులు మైనపు అరలు వేగంగా కట్టి, ఎక్కువ మేత నిల్వ చేశాయి.

మీ పెట్టెల్లో పుట్ట తేనెటీగలున్నాయో, ఇటలీ తేనెటీగలున్నాయో మీరు రాయలేదు. పుట్ట తేనెటీగ వాకిట్లో తల బయటికి పెట్టి గాలిని లోపలికి విసురుతుంది, ఇటలీ ఈగ తల లోపలికి పెట్టి లోపలి గాలిని బయటికి తోలుతుంది. వైశాఖంలో ఒక మధ్యాహ్నం పెట్టె పక్కన కూర్చుని, పదకొండు గంటలకు ఎన్ని విసురుతున్నాయో, రెండు గంటలకు ఎన్ని తోడయ్యాయో లెక్కపెట్టి, మాకు ఉత్తరం రాయండి.