కోతుల్లో ఉన్న యాస్ మనకి అంటుతుందా?

ప్రశ్న: మాది భద్రాచలం వైపు. మా తాతయ్యకి చిన్నప్పుడు యాస్ అనే అంటువ్యాధితో చర్మం మీద పుండ్లు వచ్చాయట. ఆ జబ్బు ఇప్పుడు ఆఫ్రికా కోతుల్లో ఉందని చదివాను. మా ఇంట్లోకి రోజూ కోతులు దూరుతున్నాయి, భయపడాలా?

జవాబు: యాస్ గురించైతే అక్కర్లేదండి. మన దేశంలో అది లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే ప్రకటించింది. మీరు చదివింది మాత్రం నిజమే. సిఫిలిస్ అనే సుఖవ్యాధి బాక్టీరియాకి దగ్గరి చుట్టం ఒకటి 1960ల్లో గినీ దేశపు బబూన్ అనే పెద్ద కోతి‌లో దొరికింది, చాలా ఏళ్ల తర్వాత దాని జన్యువులు చదివితే మనుషుల్లో యాస్ తెచ్చేదీ అదీ ఒకే జాతని తేలింది. టాంజానియా బబూన్లకి మర్మాంగాల దగ్గర, ఐవరీ కోస్ట్‌లోని తాయ్ అడవిలో మంగాబే కోతులకి మూతి మీద పుండ్లు కనిపించాయి. అయినా కోతి నుంచి మనిషికి సహజంగా అంటినట్టు రుజువైన కేసు లేదు. కోతుల్లో ఇది ఉండటం వల్ల తలనొప్పంతా, ఊరందరికీ అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మింగించి జబ్బుని తుడిచేద్దామనుకునే వాళ్లకి, అడవిలో కోతులకి మాత్రలెవరు వేస్తారు చెప్పండి! మీరు టెన్షన్ పడాల్సింది రేబిస్, ధనుర్వాతం గురించి. కోతి కరిచినా, రక్కినా సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.