కాలిన కొత్త మోటారును రివైండింగ్‌కు ఇవ్వొచ్చా?

ప్రశ్న: కాటేదాన్‌లో కారం, పసుపు పట్టే చిన్న మర నాది. నేను, నా భార్య, ఒక కుర్రాడు పని చేస్తాం. రాణీగంజ్‌లో ఒక డీలరు దగ్గర 15 హెచ్‌పీ త్రీఫేజ్ మోటార్లు రెండు, ఒక్కోటి 60 వేలకు కొన్నాను. 80 వేలు కట్టాను, 40 వేలు బాకీ. ఒక మోటారు బిగించిన రోజే గుర్రుమంటూ ట్రిప్ అయింది. మా వైండర్ (మోటారు తీగ చుట్టే మెకానిక్) టెర్మినల్ బాక్స్, అంటే కరెంటు వైర్లు కలిపే డబ్బా, విప్పి చూసి, ఫ్యాక్టరీలోనే ఒక కాయిల్ చివర్లకు గుర్తులు తారుమారు చేశారన్నాడు. వైర్లు మార్చాడు, ఇప్పుడు బాగానే నడుస్తోంది. రెండోది పదకొండో రోజు కాలిపోయింది. ‘ఓల్టేజీ వల్ల కాలింది, పైగా మీరు విప్పారు, వారంటీ లేదు’ అంటున్నాడు డీలరు. బాకీ కోసం మాత్రం రోజూ ఫోన్లు. వినియోగదారుల కోర్టుకు వెళ్లొచ్చా? కాలినదాన్ని రివైండింగ్‌కు ఇచ్చేయనా? సీజన్ పోతోందని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ చివరి ప్రశ్నే అన్నిటికంటే తొందరది. ఇవ్వకండి. రివైండింగ్‌లో మొదట చేసేది కాలిన రాగి తీగను కోసి తీసేయడం. అది తుక్కులోకి వెళ్లిందంటే మీ సాక్ష్యం కూడా తుక్కులోకి వెళ్లినట్టే.

మోటారు ఎలా కాలిందో చాలావరకు ఆ వైండింగే చెబుతుంది. సప్లయ్‌లో ఒక ఫేజ్ పోయి కాలితే, డెల్టా కనెక్షన్‌లో (మూడు ఫేజ్‌ల కాయిల్స్‌ను త్రిభుజంలా కలిపే పద్ధతి) సాధారణంగా ఒక్క ఫేజ్ కాయిల్సే నల్లబడతాయి. ఓవర్‌లోడ్ అయితే మూడూ ఇంచుమించు సమానంగా మాడతాయి. ఇన్సులేషన్ లోపంతో చుట్లు షార్ట్ అయితే ఒక్కచోట మాడి, మిగతాది కొత్తదానిలాగే ఉంటుంది. ఇది నాకు లా కాలేజీలో చెప్పలేదు, బాలానగర్‌లో ఒక పాత వైండర్ చెప్పాడు. కాబట్టి దాన్ని అలాగే పక్కన పెట్టండి. నేమ్‌ప్లేట్, సీరియల్ నంబరు కనిపించేలా ఫొటోలు తీయండి. ‘ఫలానా రోజు మీ మనిషిని పంపండి, ఇద్దరి ఎదుటే విప్పుదాం’ అని డీలరుకూ కంపెనీకీ రాయండి. రాకపోతే రాలేదన్నదే మీకు పనికొస్తుంది. కేసు వేశాక, అవసరమైతే వినియోగదారుల కమిషనే (మీరు కోర్టు అంటున్నది అదే) 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద సీలు వేయించి ల్యాబ్‌కు పంపగలదు.

ఓల్టేజీ మాటకు జవాబుగా, ఆ తేదీల్లో మీ ఫీడర్‌లో, అంటే మీ ప్రాంతానికి కరెంటు వచ్చే లైనులో, సరఫరా ఎలా ఉందో సమాచార హక్కు చట్టం కింద కరెంటు సంస్థ టీజీఎస్పీడీసీఎల్‌ను అడగండి. ఇక ‘మీరు విప్పారు’ అనే వాదన. టెర్మినల్ బాక్స్ విప్పకుండా ఏ మోటారుకైనా కరెంటు ఎలా ఇస్తారండీ? బిగించేవాడు విప్పడం కోసమే ఆ మూత పెట్టేది. మీవాడు వైండింగ్ జోలికి వెళ్లలేదు, బయట ఉన్న ఆరు చివర్లలో రెండు మార్చాడు. ఏవి ఎక్కడున్నాయి, టంగ్ టెస్టర్‌లో (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరు) మూడు ఫేజ్‌లకూ ఎంతెంత కరెంటు చూపింది అన్నది అతని చేత ఇప్పుడే రాయించుకోండి, మరిచిపోకముందే. అప్పటి ఫొటోలు, వాట్సాప్ మెసేజ్‌లు ఫోన్‌లో ఉంటే చెరపకండి. వాటి ప్రింట్లు కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి.

ఈ నడుస్తున్న మోటారును మాత్రం వాపసు తీసుకోమని అడగడం కష్టం. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం సరుకును ఉంచుకుని వాడుకుంటూ పోతే అంగీకరించినట్టే. మరమ్మతు ఖర్చు, పని ఆగిన రోజుల నష్టం అడగొచ్చు. కాలినదానికి పూర్తి ధర అడగండి. కాకపోతే తిరస్కరిస్తున్నానన్న మాట రాతలో, ఆలస్యం లేకుండా వెళ్లాలి.

బాకీ సంగతి. అదే చట్టం 59వ సెక్షన్ ప్రకారం, సరుకులో లోపం వల్ల తగ్గిన విలువను కట్టాల్సిన ధరలోంచి తగ్గించమని మీరు వాదించవచ్చు. కానీ ఫోన్ ఎత్తకుండా డబ్బు ఆపితే రేపు కోర్టులో మీరే ఎగవేతదారుగా కనిపిస్తారు. ఎందుకు, ఎంత ఆపుతున్నారో రాసి ఆపండి. వారంటీ కార్డు వెనక చిన్న అక్షరాలు కూడా చదవండి. చట్టం ఇచ్చే కొన్ని హక్కులను ఒప్పందంతో తీసేసే వీలు 62వ సెక్షన్‌లో ఉంది.

వినియోగదారుల కోర్టుకు వెళ్లొచ్చా అంటే, వెళ్లొచ్చనే నా అభిప్రాయం. అయితే అవతలివాళ్లు మొదటి రోజే లేవనెత్తేది ఈ అభ్యంతరమే. వ్యాపారానికి కొన్న వస్తువుకు 2019 చట్టం వర్తించదు. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే కొని, తానే వాడుకుంటే మినహాయింపు ఉంది. లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో 1995లో సుప్రీంకోర్టు, యంత్రం నడపడానికి ఒకరిద్దరి సాయం తీసుకున్నంత మాత్రాన వినియోగదారుడు కాకుండా పోడని చెప్పింది. చిత్రమేమిటంటే, ఆ కేసు వేసిన యంత్రం యజమాని మాత్రం ఓడిపోయాడు. అతనిది బతుకుతెరువు స్థాయి కాదన్నారు. మీరు మర మీద కూర్చుని పట్టేవారు, కాబట్టి మీ పరిస్థితి వేరు. ఫిర్యాదులో ఆ మాట స్పష్టంగా ఉండాలి. బిల్లు మీద జీఎస్టీ క్రెడిట్ తీసుకున్నారా, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును మీరు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకున్నారా? తీసుకుంటే దాన్ని చూపించి ‘ఇది వ్యాపారమే’ అంటారు. ఆ సంగతి మీ లాయరుకు ముందే చెప్పండి.

కట్టిన ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు. మీరు ఉండే లేదా పని చేసే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, రాణీగంజ్ వైపు పరుగెత్తక్కర్లేదు. మినహాయింపు వర్తించదని తేలితే మామూలు సివిల్ కోర్టు ఉంది, అక్కడ గడువు మూడేళ్లు.

సీజన్ కోసం ఇంకో మోటారు అద్దెకు తెచ్చుకోండి, బిల్లు దాచండి. మర మూసేసి ఆ నష్టమంతా డీలరు మీద వేస్తానంటే కోర్టు ఒప్పుకోదు. నష్టం తగ్గించుకునే ప్రయత్నం చేశారా అని కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ చూస్తుంది. అద్దె మాత్రం ధైర్యంగా అడగొచ్చు.

ఉత్తరం స్పీడ్ పోస్టులో, డీలరుకొకటి, తయారీదారుకొకటి. వీలైతే ఈ వారంలోనే.