పచ్చనీళ్ళను పారబోసే ముందు సీసాలో పట్టి ఉంచండి

ప్రశ్న: మేము చెన్నై అంబత్తూరులో ఉంటాం. మూడు నెలల క్రితం కొళత్తూరులోని ఒక దుకాణంలో నాలుగడుగుల అక్వేరియం, యూవీ ఫిల్టరు కలిపి 18,500 రూపాయలకు కొన్నాం. ఆ ఫిల్టరు ఉంటే నీళ్ళు పచ్చబడవని దుకాణదారు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపారు. శుభ్రం చేసేందుకు నెలకు 600 తీసుకుంటున్నారు. తొట్టి పడమటి కిటికీ పక్కన ఉంది. నీళ్ళు పచ్చబడి అవతలివైపు కనిపించకపోతే, వాళ్ళు పంపిన మనిషి లేబుల్ లేని సీసాలోని మందు పోసి, దానికి 250 తీసుకున్నాడు. తెల్లవారేసరికి పదకొండు చేపల్లో ఎనిమిది చచ్చి తేలాయి. వాటిని పారేశాం. బిల్లు లేదు, డబ్బు యూపీఐలో కట్టాం. అమ్మిన సరుకు వాపసు తీసుకునేది లేదంటున్నారు. కేసు నిలుస్తుందా?

జవాబు: నిలుస్తుంది, కానీ దేనిమీద నిలుస్తుందో మీరు ముందుగా గ్రహించాలి. నీళ్ళు పచ్చబడటమే దుకాణం తప్పని రాస్తే ఫిర్యాదు బలహీనపడుతుంది. ఆ పచ్చదనం నీటిలో తేలుతూ పెరిగే ఏకకణ నాచు వల్ల వస్తుంది. ఎండ తగిలి, మిగిలిన మేత నుంచి, చేపల విసర్జనల నుంచి నైట్రేట్, ఫాస్ఫేటు చేరితే ఎంత మంచి తొట్టిలోనైనా అది పెరుగుతుంది. అవతలి పక్షం మొదట పట్టుకునేది మీ పడమటి కిటికీనే.

అయితే యూవీ ఫిల్టరు ఉన్నదే తేలే నాచును అణచడానికి. దానిలోని యూవీ (అతినీలలోహిత) దీపం వెలుగుతూ, తొట్టి పరిమాణానికి సరిపడినదైతే, నీరు దాని గుండా ప్రవహిస్తున్న కొద్దిరోజుల్లోనే తేటపడాలి. కాబట్టి కిటికీ సాకు ఆ వాయిస్ మెసేజ్‌కు జవాబు కాజాలదు. వస్తువు పనితనం గురించి అబద్ధపు హామీ ఇవ్వడం, బిల్లు ఇవ్వకపోవడం, రెండూ 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతులే. దీపాన్ని కంటితో నేరుగా చూడకుండా, ఎలక్ట్రీషియన్ చేత పరీక్షింపజేసి రాతపూర్వకంగా తీసుకోండి.

నా దృష్టిలో మీ కేసుకు ప్రాణం ఆ లేబుల్ లేని సీసా. నాచును ఒక్కసారిగా చంపితే అది కుళ్ళుతూ నీటిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది, అసలే తెల్లవారుజామున ఆక్సిజన్ అతి తక్కువగా ఉంటుంది. రాగి కలిసిన మందైతే మోతాదు మించినప్పుడు అదే చేపలకు విషమవుతుంది. ఏది జరిగినా, మోతాదు చూడకుండా, హెచ్చరించకుండా పోయడం సేవాలోపం. ఉచితంగా చేసిన పని చట్టం దృష్టిలో సేవ కాదు గాని, మీరు నెలనెలా 600 కడుతున్నారు కనుక ఆ అడ్డంకి లేదు. మందుకు విడిగా 250 తీసుకున్నారు గనుక అది అమ్మకం కూడా. తయారీదారు ఎవరో తెలియని సరుకు అమ్మితే, దానివల్ల ఇతర ఆస్తికి కలిగిన నష్టానికి అమ్మినవాడే బాధ్యుడని సెక్షన్ 86 చెబుతోంది. చేపలు మీ ఆస్తి.

ఇక అత్యవసరమైన మాట. చేపలను పారేయడం నష్టమే, ఈ నీళ్ళను కూడా పారబోయకండి. శుభ్రమైన రెండు గాజుసీసాల నిండా పట్టి, మూత మీద కాగితం అతికించి, తేదీ, సమయం రాసి, ఇరుగుపొరుగువారు ఒకరి చేత సంతకం పెట్టించి ఫ్రిజ్‌లో ఉంచండి. నీరు పడుతుండగా వీడియో తీయండి. లోపాన్ని ప్రయోగశాలలో తప్ప తేల్చలేనప్పుడు వినియోగదారుల కమిషన్ నమూనాకు సీలు వేసి సెక్షన్ 38 కింద పరీక్షకు పంపుతుంది, ఆ రుసుము ముందుగా మీరే కట్టవలసి రావచ్చు.

నమూనా తీశాక మాత్రం నీటిని అలాగే ఉంచకండి. సాక్ష్యం కోసమని మిగిలిన మూడు చేపలను చావనిస్తే, నష్టం తగ్గించుకునే మార్గం మీ చేతిలో ఉన్నా వాడుకోలేదన్న వాదనకు 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 వివరణ చోటిస్తుంది, అంతకన్నా ముందు ఆ ప్రాణుల బాధ ఒకటుంది. క్లోరిన్ పోయిన నీటితో పావువంతు చొప్పున మార్చండి. గాలి పంపు ఆపకుండా నడపండి. తొట్టికి మందపాటి గుడ్డ కప్పి మూడు నాలుగు రోజులు వెలుతురు తగలనీయకండి, మేత బాగా తగ్గించండి. తర్వాత తొట్టిని కిటికీ నుంచి జరపండి.

యూపీఐ లావాదేవీ, చాట్, వాయిస్ మెసేజ్, చచ్చిన చేపల ఫొటోలు ఫోనులో చెరపకుండా ఉంచండి. వాటి ప్రతులకు భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం జతచేయడం మంచిది. దుకాణానికి 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. అప్పటికీ స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, చాలా తగాదాలు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే మీరు నివసించే ప్రాంతం మీద అధికారమున్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షలలోపు కాబట్టి కోర్టు రుసుము లేదు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్ళు.

తొట్టి గాజు బాగానే ఉంది కనుక 18,500 మొత్తం అడగవద్దు. ఫిల్టరు ధర, 250 రూపాయలు, ఎనిమిది చేపల ధర, మనోవేదనకు మితమైన మొత్తం, ఖర్చులు అడగండి.