‘ఓనర్స్ రిస్క్’ అని రాసి ఉంటే బోటు నష్టం నాదేనా?

ప్రశ్న: మాది కోనసీమలోని డిండి. చెన్నైలో పాత ఫైబర్ మోటారు బోటు 9 లక్షలకు కొన్నాను. పొడవు 20 అడుగులు, వెడల్పు 8, వెనక 60 హెచ్‌పీ ఇంజిను. టూరిస్టులను నేనే తిప్పుకుని బతుకుదామని ఆలోచన. లారీలో తెచ్చేందుకు ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు 40 వేలు అడిగారు. ఎల్‌ఆర్ (లారీ రసీదు) మీద ‘ఓనర్స్ రిస్క్’ అని అచ్చేసి ఉంది. దారిలో బోటు దెబ్బతింటే నేనే భరించాలా? - ఒక పాఠకుడు

జవాబు: ఆ రెండు మాటలు చూసి టెన్షన్ పడకండి. క్యారేజ్ బై రోడ్ చట్టం, 2007 ప్రకారం ఎల్‌ఆర్ ఇచ్చి సరుకు తీసుకున్న ట్రాన్స్‌పోర్టరే దానికి బాధ్యుడు. ప్రకృతి విపత్తు, యుద్ధం, అల్లర్లు, జప్తు లాంటి కొన్నింటికే మినహాయింపు. డ్రైవరు నిర్లక్ష్యాన్ని మీరు రుజువు చేయనక్కర్లేదని సెక్షన్ 12 చెబుతోంది. ఓనర్స్ రిస్క్ అని రాసుకున్నంత మాత్రాన సొంత నిర్లక్ష్యం మాఫీ కాదని సుప్రీంకోర్టు 2000లోనే, పాత చట్టం ఉన్నప్పుడే, నాథ్ బ్రదర్స్ కేసులో తేల్చింది.

అసలు మెలిక సెక్షన్ 10లో ఉంది. మామూలుగా బుక్ చేస్తే పరిహారం కిరాయికి పది రెట్లు మించదు. మీ లెక్కన 4 లక్షలు. మిగతా 5 లక్షలు గోదాట్లో కలిసినట్టే. అందుకే గూడ్స్ ఫార్వర్డింగ్ నోట్‌లో (సరుకు పంపేవారు నింపి ఇచ్చే ఫారం) బోటు విలువ 9 లక్షలని రాసి, హయ్యర్ రిస్క్ రేటు, అంటే ఎక్కువ బాధ్యత తీసుకున్నందుకు ట్రాన్స్‌పోర్టరుకు ఇచ్చే అదనపు కిరాయి, కడతానని ఒప్పుకోండి. ఎల్‌ఆర్ మీద కూడా ఆ మాట పడాలి. బుకింగ్ గుమాస్తా “అవన్నీ ఎందుకు సార్, మేం లేమా” అంటాడు. రాసేదాకా కదలకండి.

ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ (రవాణాలో జరిగే నష్టానికి బీమా) కూడా తీసుకోండి. అయితే ప్యాకింగ్ సరిగ్గా లేక జరిగిన నష్టం పాలసీలో రాదు. బోటును ఎలా సిద్ధం చేశారన్నది ఇక్కడే లీగల్ పాయింటవుతుంది. నా దగ్గరికొచ్చిన ఒక కేసులో బోటు అడుగున నీళ్లుపోయే బిరడా తీయకుండానే లోడ్ చేశారు. రాత్రంతా వాన. తెల్లారేసరికి లోపల నీళ్లు నిండి, ఆ బరువుకు అడుగుభాగం చిట్లింది. లారీ ఎక్కడా గుద్దుకోలేదు. తప్పు పంపినవాళ్లదేనని ట్రాన్స్‌పోర్టరు, ఇన్సూరెన్స్ కంపెనీ ఒకే మాట మీద నిలబడ్డారు.

కాబట్టి ఆ బిరడా తీసి తాళాలతో పాటు మీ దగ్గరే ఉంచుకోండి. పెట్రోలు పూర్తిగా తోడించండి. ప్రమాదకర సరుకు ఉందని చెప్పకుండా పంపితే బాధ్యత మీ మెడకు చుట్టుకుంటుంది. బ్యాటరీ వైర్లు ఊడదీయండి. పై టాపు, యాంటెన్నా, సీట్ల కింద వదులుగా ఉన్న సామాను విప్పి విడిగా కట్టి, లిస్టు రాసి ఎల్‌ఆర్‌కు జతచేయండి. బోటు బరువు అడుగు దుంగ మీద, చెక్క దిమ్మల మీద పడాలి. బెల్టు రాసుకునేచోట మందపాటి గుడ్డ పెట్టించండి. కట్టాక నలువైపులా వీడియో తీయండి. కోర్టులో దానికి భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ ఆధారాలకిచ్చే సర్టిఫికెట్ కావాలి, అందుకే ఒరిజినల్ ఫైలును ఫోన్లోంచి చెరిపేయొద్దు.

వెడల్పు సంగతి చాలామంది మరిచిపోతారు. మీ బోటు 8 అడుగులు. మామూలు లారీ తొట్టి అంతకంటే ఇరుకైతే అంచులు పక్కలకు పొడుచుకొస్తాయి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194(1ఎ) కింద దానికి జరిమానా 20 వేలు, పైగా లోడు సర్దేదాకా బండి కదలదు. తడ దగ్గర నడిరోడ్డు మీద బోటు దించుకునే అవస్థ ఎందుకు? తొట్టి కొలత ముందే టేపు పెట్టి చూడండి. చాలకపోతే వెడల్పాటి ట్రైలర్ మాట్లాడుకోండి, లేదా అనుమతి తీసుకోమనండి. అమ్మినవారికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే జీఎస్టీ పత్రం) కూడా ఉండాలి.

బోటు డిండి చేరాక, దించే హడావుడిలో డ్రైవరు కాగితం చాపితే వెంటనే సంతకం పెట్టకండి. చుట్టూ తిరిగి చూసి, పగులు గానీ గీత గానీ కనిపిస్తే ఎల్‌ఆర్ కాపీ మీద రాసి, ఫొటో తీసి, ఆ తర్వాతే సంతకం. ఇన్సూరెన్స్ కంపెనీకి అదే రోజు చెప్పండి. ట్రాన్స్‌పోర్టరుకు రాతపూర్వక నోటీసు బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోపు అందాలి. డెలివరీ తేదీ నుంచి కాదు, గుర్తుంచుకోండి. సెక్షన్ 16 ప్రకారం ఆ నోటీసు లేకుండా కేసు నిలవదు. బతుకుతెరువుకు సొంతంగా నడుపుకునే బోటు కాబట్టి, మీరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళ్లొచ్చు, గడువు రెండేళ్లు. అక్కడికి వెళ్లినా ఈ నోటీసు ఇచ్చి ఉండాల్సిందే.