సర్వే ఎవరూ నింపలేదు, నర్సులు ఆగడం లేదు

ప్రశ్న: నమస్తే మేడమ్. తొమ్మిదేళ్లు సాఫ్ట్‌వేర్ కంపెనీలో హెచ్‌ఆర్‌గా చేసి, ఆరు నెలల క్రితం ఒక ఫ్యాక్టరీ, ఒక ఆసుపత్రి ఉన్న సంస్థకి మారాను. అక్కడ బాగా నడిచిన సర్వేలు, నెలవారీ అవార్డులు ఇక్కడా పెట్టాను. ఫ్యాక్టరీలో సర్వే ఎవరూ నింపలేదు, నర్సులు ఒకరి వెనక ఒకరు రాజీనామా చేస్తున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ పొరపాటు జరిగింది?

జవాబు: సర్వే లింకు మెయిల్‌లో పంపారా? మెషిన్ దగ్గర నిలబడి పనిచేసేవాళ్లలో చాలామందికి కంపెనీ మెయిలే ఉండదండీ. వాళ్లకి కంపెనీ అంటే సూపర్‌వైజరు, నోటీసు బోర్డు, అంతే. ఆ బోర్డు మీద వచ్చేవారం షిఫ్టుల కాగితం ఎప్పుడు అంటిస్తున్నారో చూడండి. శనివారం సాయంత్రం అంటించి సోమవారం నైట్‌డ్యూటీకి రమ్మంటే, చంటిబిడ్డను ఎవరి దగ్గర వదలాలో తెలియని మనిషికి మీ అవార్డు ఎందుకు?

నర్సుల సంగతి ఇంకా కష్టం. డ్యూటీ అయిపోయినా, తర్వాతి నర్సు వచ్చి ఒక్కో పేషెంటు వివరం అప్పగించుకునేదాకా కదలడానికి లేదు, ఆ అరగంట ఏ రిజిస్టర్లోనూ ఎక్కదు. పైగా ఒకరు మానేస్తే వాళ్ల పేషెంట్లు మిగతావాళ్ల మీద పడతారు, వాళ్లూ అలిసిపోయి మానేస్తారు. ముందు ఖాళీలు నింపండి, ఆ అరగంటకి డబ్బు ఇప్పించండి.

అమెరికన్ మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లోనే చెప్పాడు, జీతం, పని పరిస్థితులు, పైవాళ్ల తీరు బాగోలేనప్పుడు పుట్టే అసంతృప్తి వేరు, మెప్పు వల్ల వచ్చే ఉత్సాహం వేరు అని. మీరు రెండోదానితో మొదటిదాన్ని పూడ్చాలని చూశారు. సాఫ్ట్‌వేర్‌లో మొదటిది చాలావరకు సర్దుకునే ఉంది కాబట్టి అక్కడ తేడా తెలియలేదు. 1913లో ఫోర్డ్ ఫ్యాక్టరీలో మానేసేవాళ్లు ఎంత ఎక్కువంటే, ఏడాదిలో ఉద్యోగులు మారే రేటు 370 శాతం, అంటే వంద ఉద్యోగాలకి 370 మంది మారేవాళ్లు. 1914లో రోజుకి 5 డాలర్లు ప్రకటించి, 9 గంటల పనిని 8కి తగ్గించాకే మనుషులు నిలిచారు.

కాంట్రాక్టు కార్మికులుంటే వాళ్ల లెక్క విడిగా తీయండి, పక్కపక్కనే ఒకే పని చేస్తూ వేరే జీతం తీసుకోవడం లోలోపల చాలా మండిస్తుంది.

ఈ వారమే ఒక రాత్రి షిఫ్టు మారే వేళకి వార్డులో కూర్చోండి, నోట్‌బుక్ తీయకుండా. మేనేజ్‌మెంట్‌ని మాత్రం మొదట ఒక్కటే అడగండి: షిఫ్టుల కాగితం రెండు వారాల ముందే బోర్డెక్కాలని.