ఫోర్ట్ రాబిన్సన్ చరిత్ర ఏమిటి? అక్కడి మ్యూజియం ఎప్పటిది?

ఇది అమెరికాలో, నెబ్రాస్కా రాష్ట్రపు వాయవ్య మూలన ఉంది. కోట అనగానే రాతి గోడలు, బురుజులు ఊహించుకోవద్దు. మైదానం, బ్యారక్‌లు, ఆఫీసర్ల ఇళ్లు, గుర్రపు శాలలు, అంతే. పక్కనే రెడ్ క్లౌడ్ ఏజెన్సీలో లకోటా అనే ఆదివాసీ తెగవాళ్లకు ప్రభుత్వం రేషన్ ఇచ్చేది. దానికి కాపలాగా 1874లో సైన్యం దిగింది. 1877 సెప్టెంబర్ 5న లకోటా వీరుడు క్రేజీ హార్స్‌ను బంధించబోతుండగా బాయ్‌నెట్ (తుపాకీ కొనకు బిగించే కత్తి) పోటు తగిలింది. ఆ రాత్రే ప్రాణం పోయింది.

నన్ను ఎక్కువగా కలచివేసేది 1879 జనవరి. దక్షిణాది రిజర్వేషన్‌కు, అంటే ప్రభుత్వం తమకు కేటాయించిన ప్రాంతానికి, తిరిగి వెళ్లేది లేదని తెగేసి చెప్పిన 149 మంది షెయాన్ తెగవాళ్లను పిల్లాపాపలతో సహా ఒక బ్యారక్‌లో ఉంచి తిండి, నీళ్లు, కట్టెలు ఆపేశారు. కిటికీల మీద పేరుకున్న మంచు గోక్కుని గొంతు తడుపుకున్నారు. తుపాకుల విడిభాగాలను నగల్లా ఒంటి మీద వేసుకుని ముందే దాచారు. 9వ తేదీ రాత్రి వాటిని బిగించి, కిటికీల్లోంచి దూకేశారు. 60 మందికి పైగా చనిపోయారు.

తర్వాత 9వ అశ్వికదళంలోని నల్లజాతి సైనికులు చాలా ఏళ్లు ఇక్కడున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో కుక్కలకు శిక్షణ ఇచ్చారు, జర్మన్ ఖైదీలను ఉంచారు. 1948లో సైన్యం ఖాళీ చేసింది. 1905 నాటి హెడ్‌క్వార్టర్స్ భవనంలో 1956 నుంచి మ్యూజియం నడుస్తోంది. వెళ్తే దుంగలతో తిరిగి కట్టిన గార్డ్‌హౌస్ తప్పక చూడండి. క్రేజీ హార్స్‌కు పోటు తగిలింది దాని ముందే.